పాత రాతి వంతెనల సందుల్లో సిమెంటు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పాత రాతి వంతెనల సందుల్లో సిమెంటు మెత్తి మరమ్మతు చేశామనడం మన దగ్గర మామూలైపోయింది. దానివల్ల కట్టడం ఆయుష్షు తగ్గుతుంది.

ఇంగ్లండ్‌లో బాత్ నగరం పక్కనున్న ప్రయర్ పార్కు వంతెననే తీసుకోండి. రాతి క్వారీల యజమాని రాల్ఫ్ ఆలెన్ తన ఎస్టేట్ చెరువు మీద 1755లో అలంకారం కోసం కట్టించాడు. పైన వరుస స్తంభాలు, వాటిమీద కప్పు. ఇలాంటివి మరో మూడే: ఇంగ్లండ్‌లో విల్టన్, స్టో, రష్యాలో జార్‌స్కోయె సెలో. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చింది 1824లో. అంటే ఈ వంతెన నిలబడింది సున్నం మీదే.

బాత్ రాయి మెత్తటి సున్నపురాయి. తవ్వినప్పుడు రంపంతో కోయొచ్చు, ఆరాక పైన గట్టి పొర కడుతుంది. స్తంభాల మీద పేర్లు చెక్కినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా ఆ పొర పోయి లోపలి రాయి పొడిగా రాలుతుంది. చూడటానికి వెళ్లే మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

రాయిలో చేరిన తేమ సున్నపు సందుల్లోంచి ఆరిపోతుంది. సందును సిమెంటుతో మూసేస్తే ఆ తేమ రాయిలోంచే బయటికి రావాలి. వస్తూ తెచ్చిన లవణాలు పైపొర వెనక గడ్డకట్టి రాయిని పెచ్చులుగా ఊడదీస్తాయి. చివరికి సిమెంటు గీతలు పైకి తేలి, రాళ్లు గుంటలు పడతాయి.

మనది గ్రానైటు కదా, రాలదు కదా అనొచ్చు. కానీ ఎండకూ చలికీ కమాను కదులుతుంది, బిగుసుకున్న సిమెంటు చిట్లుతుంది. చీలికలోంచి దిగిన నీరు బయటపడలేక లోపలి డంగుసున్నాన్ని కరిగిస్తుంది. కమాను కింద తెల్లటి చారలు కనిపిస్తే అర్థం అదే.

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు, ఓపికే కావాలి. పాత గచ్చును గ్రైండర్‌తో కాకుండా ఉలితో, సందు వెడల్పుకు రెట్టింపు లోతు తీయాలి. కడిగి, తడిపి, 1 పాలు సున్నానికి రెండున్నర నుంచి 3 పాళ్లు గరుకు ఇసుక కలిపి కూరాలి. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం ఆరకుండా చూడాలి. మన ఎండల్లో పని చెడేది ఎక్కువగా ఇక్కడే. రాళ్లను కలిపే ఇనుప కొక్కేలు తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొడతాయి, వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. రావి మొక్కల్ని పీకితే వేళ్లతో పాటు రాళ్లూ కదులుతాయి, కోసి మొదలుకు మందు పెట్టాలి.

టెండరు పత్రాల్లో ‘సిమెంటు పాయింటింగ్’ (సందుల్లో సిమెంటు కూరడం) బదులు సున్నం పని అని రాయించాలని అధికారులను కోరుతున్నాను. ముందు ఒక చదరపు మీటరు నమూనా చేయించి, ఒక వానాకాలం గడిచాక చూసి, ఆ తర్వాతే బిల్లు పాస్ చేయాలి.

– రాతి కట్టడాల మరమ్మతులు తెలిసిన ఒక పాఠకుడు