బాలింతకు జ్వరమొస్తే అదే రోజు చూపించాలి

ఎడిటర్ గారికి,

కాన్పయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాల్లో బిడ్డ బరువు, టీకాల తేదీలు, తల్లి వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు అన్నీ ఉంటాయి గానీ, ఆ తల్లికి ఏమైతే వెంటనే ఆసుపత్రికి రావాలో చాలాచోట్ల ఒక్క ముక్క కూడా ఉండదు. నా బాధంతా దాని గురించే.

మాయ ఊడిన చోటు గర్భసంచిలో పచ్చి పుండులా ఉంటుంది, బాక్టీరియా అక్కడ చేరి ఇన్ఫెక్షన్ ముదిరితే సెప్సిస్ అవుతుంది, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతినే ప్రాణాపాయ స్థితి. కుట్ల నుంచి, మూత్రం ఇన్ఫెక్షన్ నుంచి, రొమ్ములో చీము పట్టినా కూడా రావచ్చు. సిజేరియన్ అయితే రిస్క్ ఇంకా ఎక్కువ, అందుకే కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ లాంటి బాక్టీరియా అయితే పొద్దున బాగున్న మనిషిని సాయంత్రానికి ఐసీయూకి చేర్చగలవు.

ఇంట్లో మాత్రం "పాలు పడుతున్నాయిలే, అందుకే ఒళ్లు వెచ్చబడింది" అని పారాసిటమాల్ ఇచ్చి పడుకోబెడతారు. రొమ్ములు గట్టిపడి కాస్త జ్వరం రావడం నిజమే, కానీ అదేనని ఇంట్లో కూర్చుని ఎలా తేలుస్తాం? 100.4 డిగ్రీలు వచ్చినా, వణుకు పుట్టినా, పొత్తికడుపు నొప్పి పెరుగుతున్నా, స్రావం దుర్వాసన వస్తున్నా అదే రోజు చూపించాలి. ఆయాసం, గుండెదడ, మూత్రం తగ్గిపోవడం, మనిషి అయోమయంగా మాట్లాడటం ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు. కొందరికి జ్వరమే రాదు, ఒళ్లు చల్లబడుతుంది, అది మరీ ప్రమాదం.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే వైద్యుల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రపంచంలో తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో ఇన్ఫెక్షన్ ఒకటిగా ఉందంటే కోపం వస్తుంది. 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడు దేశాల్లో 29 వేల మందికి పైగా గర్భిణులను తీసుకుని, మామూలు కాన్పు కోసం నొప్పుల్లో ఉన్నవారికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తే సెప్సిస్ లేదా మరణం ముప్పు మూడో వంతు తగ్గింది. అది ఆసుపత్రిలో డాక్టర్లు ఇచ్చేది, దయచేసి ఎవరూ షాపులో కొని వేసుకోవద్దు.

డిశ్చార్జ్ కాగితం మీద ఈ లక్షణాలు, రాత్రి కూడా పలికే ఒక ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. జ్వరమనో వాంతులనో మామూలు డాక్టర్ దగ్గరకు వెళ్లే బాలింతలూ ఉంటారు, కాబట్టి వచ్చిన ఆడమనిషిని "గత ఆరు వారాల్లో కాన్పు గానీ అబార్షన్ గానీ అయిందా అమ్మా?" అని అక్కడ కూడా తప్పకుండా అడగాలి.

ఒక పాఠకురాలు