గుర్రం చర్మం పొడిబారితే సబ్బు మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

గుర్రం జూలు పాయ తీసి చూసినప్పుడు వేళ్లకు తవుడులాంటి పొట్టు అంటుకుంటే, అది మురికేనని భావించి చాలామంది మరింత సబ్బు పట్టిస్తున్నారు. నా ఆడగుర్రానికి నేనూ అదే చేశాను; వారం వారం మనుషుల షాంపూతో కడిగినకొద్దీ దాని మెడ మీద పొట్టు ఎక్కువైంది. చర్మాన్ని కాపాడే సహజమైన జిడ్డును సబ్బు కడిగేస్తుంది. పైగా గుర్రం చర్మపు ఆమ్లత్వం మన చర్మం కన్నా తక్కువ కాబట్టి మన షాంపూలు దానికి సరిపడవు. చెమటను మంచినీళ్లతో కడిగి, ఆరిన తరువాత రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్దుతూ రోజూ మాలీసు చేస్తే ఆ జిడ్డు వెంట్రుకల వెంట సమంగా పరుచుకుంటుంది. చర్మానికి మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు పచ్చగడ్డిలో ఉన్నా ఎండుగడ్డిలో బాగా తగ్గిపోతాయి కనుక, ఎండుగడ్డే ప్రధాన మేత అయినప్పుడు ఆ కొవ్వులుండే అవిసె గింజలను పొడిచేసి కొద్దికొద్దిగా అలవాటు చేయడం మేలు.

అయితే పొట్టు రాలడమంతా పొడితనం కాదు. వెంట్రుకలు ఊడి గుండ్రని మచ్చలు పడితే తామర కావచ్చు. అది బ్రష్షుల ద్వారా, జీను కింది గుడ్డ ద్వారా ఇతర గుర్రాలకే కాక మనుషులకూ అంటుతుంది. వానలో నానిన వీపు మీద వెంట్రుకల కుచ్చుతో సహా ఊడివచ్చే పెచ్చులు డెర్మటోఫిలస్ అనే బాక్టీరియా పని కావచ్చు. విపరీతమైన దురద ఉంటే పేలున్నాయేమో వెతకాలి. ఇలాంటి లక్షణాలు కనిపించినప్పుడు నూనెలు పూస్తూ రోజులు గడపకుండా పశువైద్యునికి చూపించాలని సాటి పెంపకందారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక గుర్రాల పెంపకందారు