టూల్ వివరణకు ఒక్క వాక్యం చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

కృత్రిమ మేధ ఏజెంట్లు మనుషుల తరఫున టికెట్లు తీస్తున్నాయని, ఈమెయిళ్లు పంపుతున్నాయని, ఎప్పుడైనా అవి పొరబడితే పెద్ద గందరగోళమే జరుగుతోందని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ నింద ఎప్పుడూ ఏజెంటును నడిపించే కృత్రిమ మేధ మోడల్ మీదికే పోతోంది. చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్న వ్యక్తిగా నేను చూసినంతలో, అలాంటి పొరపాట్లలో చాలావాటికి మూలం మాలాంటివాళ్లం హడావుడిగా రాసిచ్చే టూల్ వివరణల్లోనే ఉంది.

మోడల్‌కు తనంతట తాను క్యాలెండర్ తెరవడం రాదు. ప్రోగ్రామర్ ఆ పని చేసిపెట్టే ఒక ఫంక్షన్ (చిన్న కోడ్ ముక్క, ఏజెంటుకు టూల్ అంటే ఇదే) రాసి, దాని పేరు, అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, దానికి అందించాల్సిన విలువల జాబితా మోడల్ ముందు పెడతారు. ఏ పనికి ఏ టూల్ వాడాలో, దానికి ఏ విలువలు పంపాలో మోడల్ ఈ మూడింటిని చదివే తేల్చుకుంటుంది. ఫంక్షన్ లోపలి కోడ్ మామూలుగా దాని కంటపడదు. కాబట్టి కోడ్ ఎంత చక్కగా ఉన్నా, వివరణలో లేని నియమం ఏజెంటుకు లేనట్టే.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది నా సొంత తప్పు వల్ల. ప్రతి గురువారం జరిగే సమీక్షా సమావేశాన్ని ఆ ఒక్క వారానికి రద్దు చేయమని సహోద్యోగి ఒకరు ఏజెంటును అడిగారు. నేను తయారుచేసిన టూల్ పేరు ‘క్యాన్సిల్ మీటింగ్’, దానికి రాసిన వివరణ ‘సమావేశాన్ని రద్దు చేస్తుంది’ అన్న ఒక్క వాక్యం. తేదీ ఇస్తే ఆ రోజు సమావేశం మాత్రమే రద్దవుతుందని, ఇవ్వకపోతే వరుస మొత్తం రద్దవుతుందని కోడ్‌లో ఉంది, నా తలలో ఉంది, వివరణలో మాత్రం లేదు. ఏజెంటు తేదీ ఇవ్వకుండానే టూల్‌ను నడిపింది. రాబోయే సమావేశాలన్నీ క్యాలెండర్ నుంచి తుడిచిపెట్టుకుపోయి, రావలసిన వాళ్లందరికీ రద్దు నోటీసులు వెళ్లిపోయాయి. మోడల్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం చేతిలో పెడితే కొత్తగా చేరిన ఉద్యోగి అయినా అదే పని చేసి ఉండేవారు.

ఆ రోజు వివరణను ఇలా తిరగరాశాను: ‘ఒక సమావేశాన్ని గానీ, వరుస సమావేశాలన్నింటినీ గానీ రద్దు చేస్తుంది. ఒక్కరోజు సమావేశం రద్దు చేయాలంటే తేదీ తప్పనిసరి. తేదీ లేకపోతే వరుస మొత్తం రద్దయి, అందరికీ వెంటనే నోటీసు వెళుతుంది, దాన్ని వెనక్కి తీసుకోలేము. సమావేశాన్ని వేరే రోజుకు మార్చడానికి దీన్ని వాడకూడదు, అందుకు మూవ్ మీటింగ్ అనే టూల్ ఉంది. అడిగినది ఒక్కరోజు గురించా, మొత్తం గురించా అన్నది తేలకపోతే ముందు వినియోగదారును అడగాలి.’

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ‘దీన్ని వాడకూడదు’ అన్న వాక్యం. ‘ఈ వారం వద్దు, సోమవారం పెట్టుకుందాం’ అని మనిషి అన్నప్పుడు అది రద్దా, వాయిదానా అన్నది పక్కపక్కనే ఉన్న రెండు టూళ్ల మధ్య సరిహద్దు గీసి చూపితేనే ఏజెంటుకు తెలుస్తుంది. ఇదేమీ కొత్త సంప్రదాయం కాదు. యూనిక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 1971లో వచ్చిన మొదటి మాన్యువల్‌లోనే కమాండ్ల పేజీల్లో ‘బగ్స్’ అనే శీర్షిక కింద ఆ కమాండ్ లోపాలను దాచకుండా రాసేవారు. ఆ నిజాయితీ మన టూల్ వివరణల్లోకి ఇంకా రాలేదన్నది నా బాధ.

విలువల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ‘తేదీ’ అని మాత్రమే రాసి వదిలేస్తే 03-04-2025 అన్నది ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పినట్టు ఏడాది, నెల, రోజు వరుసలో 2025-04-03 అన్న నమూనా ఒకటి పక్కన పెడితే ఆ సందిగ్ధం ఉండదు. వ్యవధి నిమిషాల్లోనా, గంటల్లోనా అన్నదీ చెప్పాలి. టూల్ విఫలమైనప్పుడు ‘లోపం 400’ అని కాక, ఏ విలువ తప్పిందో, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పే వాక్యం తిరిగి పంపితే ఏజెంటు రెండోసారి సరిగా ప్రయత్నించగలదు. అలాగని వివరణను చేంతాడంత రాయాలనీ కాదు. ఈ వాక్యాలన్నీ వినియోగదారు ప్రశ్నతో పాటు మోడల్‌కు చేరతాయి కాబట్టి, ఏ డేటాబేస్ వాడామన్న లాంటి అనవసర సంగతులు అక్కడ చోటు దండగ.

మోడల్ ఇలా టూళ్లను వాడుకునే ‘ఫంక్షన్ కాలింగ్’ సదుపాయాన్ని ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జూన్‌లో తెచ్చిన తొలినాళ్లలో టూల్ రాసేవారు, ఏజెంటును నడిపేవారు చాలావరకు ఒకే బృందంలో ఉండేవారు. టూళ్లను ఏజెంట్లకు కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించాక, ఒకరు రాసిన టూల్‌ను ముక్కూమొహం తెలియని మరొకరి ఏజెంటు వాడుకోవడం తేలికైంది. అర్థం కాకపోతే లేచి వెళ్లి అడగడానికి ఇప్పుడు పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు.

అందుకే సంస్థలు కోడ్‌ను సమీక్షించినంత శ్రద్ధగా వివరణలనూ సమీక్షించాలని, ఆ సమీక్షలో ప్రోగ్రామర్లే కాక ఆ పని రోజూ చేసేవారూ కూర్చోవాలని నా విన్నపం. తిరగరాసిన వివరణను మా లెక్కల విభాగంలోని ఒకరికి చదివి వినిపిస్తే, ‘ఒక్కరోజు రద్దుకూ, మొత్తం రద్దుకూ ఒకే టూల్ ఎందుకండీ?’ అని ఆమె అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. మర్నాడే దాన్ని రెండు టూళ్లుగా విడగొట్టి, మొత్తం రద్దు చేసేదానికి మనిషి అనుమతి లేనిదే కదలని అడ్డు కోడ్‌లోనే పెట్టాను. ఇప్పుడు ఒక్కొక్కదాని వివరణ మూడు వాక్యాలకు మించి లేదు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు