ఏనుగును సగానికి కోయకండి

సంపాదకులకు నమస్కారం.

అమరావతి శిల్పాల మీద వ్యాసం వచ్చినప్పుడు ఫొటోను కాలమ్‌లో పట్టేలా కత్తిరించడం చాలా పత్రికల్లో చూస్తున్నాం. స్థలం ఇబ్బంది అర్థమవుతుంది. కానీ ఆ కోతతో శిల్పంలోని కదలికే పోతోంది.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని నలగిరి దమనం (నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు లొంగదీసిన కథ) ఫలకాన్నే తీసుకోండి. స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారానికి చెందిన గుండ్రటి ఫలకం, సుమారు క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. అందులో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట మదమెక్కి, తొండంతో మనిషిని పట్టి ఈడుస్తుంటుంది. ఇంకోచోట అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. రెంటికీ నడుమ గీత గానీ గోడ గానీ లేదు, అంతా ఒకే వీధి. మన చూపు ఈ ఏనుగు నుంచి ఆ ఏనుగు దగ్గరికి చేరేలోపు కథ నడిచిపోతుంది. పైనుంచి తొంగిచూసే జనం కూడా మన చూపును కిందికి, గొడవ జరిగే చోటికే లాగుతారు. ఎంత తెలివైన కూర్పో! మోకరిల్లిన ఏనుగును మాత్రమే కోసి అచ్చువేస్తే అది మామూలు మావటి ఏనుగైపోతుంది.

గుండ్రటి ఫలకంలోంచి పట్టినంత పెద్ద చదరం కోసినా బొమ్మలో 36 శాతం పోతుంది. పోయేదంతా అంచుల్లోదే. పరుగెత్తేవాళ్లూ, చూసేవాళ్లూ ఎక్కువగా ఉండేది అక్కడే.

ఫొటో తీయడంలోనూ పొరపాటు జరుగుతోంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నీడలు చచ్చిపోయి శిల్పం బల్లపరుపుగా కనిపిస్తుంది. దీపం పై నుంచి, ఒక పక్కగా, రాతి మీదికి బాగా ఏటవాలుగా పడాలి. కింది నుంచి వెలుగు వేస్తే ఉబ్బెత్తు భాగాలు గుంటల్లా కనిపించి కన్ను మోసపోతుంది.

ఫ్లైఓవర్ స్తంభాల మీద ఈ బొమ్మల్ని తిరిగి గీసేవారికీ ఒక మాట. అంచు వెంబడి ఒకే మందంతో గీత లాగితే నర్తకి కూడా గుంజలా నిలబడుతుంది. ముందు వెన్ను వంపు ఒక్క గీతలో పట్టాలి. తర్వాత భుజాలకో గీత, నడుముకో గీత. ఒంటికాలి మీద బరువు మోపితే ఆ వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఈ రెండు గీతలూ సమాంతరంగా వచ్చాయంటే చెరిపి మళ్లీ వేయాల్సిందే. చేతులూ, నగలూ ఆఖరున. బరువు పడే పాదం దగ్గర గీత లావుగా, గాలిలోకి లేచిన చోట సన్నగా ఉండాలి.

ఇకముందు ఇలాంటి ఫలకాన్ని రెండు కాలమ్‌ల వెడల్పులోనైనా సరే, వృత్తం మొత్తం కనిపించేలా వేయండి. వివరం దగ్గరగా చూపాలనుకుంటే దాన్ని పక్కన విడిగా ఇవ్వండి.

— చిత్రలేఖనం ఉపాధ్యాయులు, గుంటూరు