బోదకాలు మాత్రల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా అమ్మది బోదకాలు. రోజూ పొద్దున్నే బకెట్ ముందు పెట్టుకుని, వేళ్ల సందులు సబ్బుతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో తడి అద్దుకుంటుంది. ఆ కాలు ఇక మామూలు కాదు. అలాంటి కాలు ఇంకొకరికి రాకూడదనే ఊరంతా మాత్రలు మింగుతున్నాం.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ఇలాంటి సామూహిక మందుల కార్యక్రమాలు కొంతకాలం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. జూలైలో, జాగ్రత్తలతో మళ్లీ మొదలుపెట్టే దారి చూపింది. ఆపడం తప్పని నేను అనను. మొదలుపెట్టిన తీరు గురించే నా బాధ.

ఆశా అక్క గేటు బయటి నుంచే మాత్రలు అందించి, "తిన్నాక వేసుకోండి" అని వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టను. ముఖానికి కట్టుకున్నది తన చున్నీయే. దసరాకు ఇల్లు దులుపుతుంటే టీవీ వెనక ఆ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు అట్లనే దొరికాయి.

ఇంకోటి జ్వరం. రక్తంలో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలున్నవాళ్లకు మాత్ర పడ్డాక అవి చస్తుంటే జ్వరం, తలనొప్పి రావచ్చు. మామూలప్పుడైతే ఒకట్రెండు రోజుల్లో పోయేదే. కరోనా రోజుల్లో ఆ జ్వరమొస్తే ఊరు దూరం పెడుతుందని పక్కింటి పెద్దమ్మ మాత్ర ముట్టలేదు. అది మూఢనమ్మకం కాదండీ. ఏ జ్వరం దేనిదో చెప్పే మనిషి ఊళ్లో ఉంటే ఆమె మింగేది.

అందుకే మహమ్మారి లేని ఈ రోజుల్లోనే పద్ధతి రాసిపెట్టమని అడుగుతున్నాను. వాకిట్లో, గాలి తగిలేచోట, డబ్బా మూతలోంచి మాత్రలు అరచేతిలో పడాలి. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. ఆశా అక్క దూరంగా నిలబడే, మింగేదాకా చూడాలి. ముందే జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడగాలి. ఉంటే ఆ రోజు మాత్ర వద్దు, తగ్గాక మళ్లీ రావాలి. మాత్రలు వేసిన తర్వాత మూడు రోజులు ఏఎన్‌ఎం ఊళ్లో ఉండాలి, జ్వరమొచ్చిన ఇంటికే వచ్చి పరీక్ష చేయాలి. మాస్కులు మాత్రల కంటే ముందు చేరాలి. ఒంట్లో బాగోక ఇంట్లో ఉండిపోయిన ఆశా అక్కకు ఆ రోజుల డబ్బు కోయకూడదు. కోస్తే ఆమె జ్వరంతోనే మా గడపకు వస్తుంది.

ఈసారి సమీక్షలో జిల్లా అధికారులను, ఎంతమంది కళ్లముందు మింగారో అడగండి.

ఇట్లు,
ఒక బోదకాలు రోగి కూతురు