చెట్టు బరువు ఎక్కడిది? జీవశాస్త్ర పాఠం అక్కడ మొదలుకావాలి

సంపాదకులకు,

మన ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం తొలి పాఠాల దగ్గరే పట్టు తప్పుతోందని, ఆ పాఠాలను ఏళ్ల తరబడి చెప్పిన ఉపాధ్యాయినిగా నా అభిప్రాయం. శాస్త్రీయ పద్ధతిలోని సోపానాలు, పరమాణువు నిర్వచనం, కణం పటం గీసి భాగాలు గుర్తించడం, ఇవన్నీ దేనికదే విడివిడి బిట్లుగా పిల్లల నోటికి వస్తాయి, పరీక్ష ముగియగానే విడివిడిగానే జారిపోతాయి. జీవుల గురించి చదువుతుండగా మధ్యలో ఈ పరమాణువులతో పనేమిటని ఎవరైనా విద్యార్థి అడిగితే, సిలబస్‌లో ఉంది కాబట్టి అనడమే తప్ప మన దగ్గర వేరే జవాబు ఉండటం లేదు.

ఈ మూడింటినీ ఒక తాటి మీదికి తెచ్చే ప్రశ్న ఒకటుంది. పెరట్లోని వేపచెట్టు ఒకప్పుడు అరచేతిలో ఇమిడే గింజ. నేడు దాని పెద్దకొమ్మ ఒకటి నరికితే మోయడానికి ఇద్దరు కావాలి. ఈ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని తప్పులేకుండా రాయగలిగిన పిల్లల్లోనూ చాలామంది దీనికి చెప్పే జవాబు ‘మట్టి నుంచి’ అనే.

మట్టి నుంచే అయితే మట్టి తరగాలి కదా అని తూకం వేసి చూసినవాడు పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్. ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన రచనల్లో ఆ ప్రయోగ వివరం ఉంది. ఎండబెట్టి తూచిన 200 పౌండ్ల మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, బయటి దుమ్ము పడకుండా తొట్టికి చిల్లుల రేకు మూతపెట్టి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 169 పౌండ్లు తూగింది. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. కాబట్టి చెట్టంతా నీటి నుంచే పుట్టిందని ఆయన తేల్చాడు. కొలత గొప్పది, తీర్పు మాత్రం తొందరపాటుది. తొట్టిలోకి వెళ్లింది నీరొక్కటే అనుకున్నాడు గానీ, చుట్టూ ఉన్న గాలిని లెక్కలోకి తీసుకోలేదు. విచిత్రమేమిటంటే, 62 పౌండ్ల బొగ్గు కాలిస్తే ఒక్క పౌండు బూడిద మిగిలిందనీ, తక్కినదంతా కంటికి కనపడని వాయువుగా పోయిందనీ రాసినవాడూ ఆయనే. కాలినప్పుడు గాలిలోకి పోయేది, పెరిగినప్పుడు గాలిలోంచి వచ్చి ఉండవచ్చన్న ఆలోచన ఆయనకు తట్టలేదు. పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అంటూ బల్లమీద బాణాల గుర్తులు వేసి చెప్పే పాఠం కంటే, ఈ ప్రయోగంలో ఏం వదిలిపోయిందో పిల్లల చేతనే చెప్పించడం ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాతి కథ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. 1771లో ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త పుదీనా కొమ్మతో, 1779లో ఇంగెన్‌హౌజ్ అనే మరొకరు సూర్యకాంతిలో ఉంచిన ఆకులతో చేసిన ప్రయోగాలు గాలికీ మొక్కకూ ఉన్న లావాదేవీని బయటపెట్టాయి. అసలు రుచి లెక్కలో ఉంది. మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ కలిపి తయారుచేసుకునే చక్కెర గ్లూకోజ్. 180 గ్రాముల గ్లూకోజ్‌లో కార్బన్ 72 గ్రాములు, ఆక్సిజన్ 96 గ్రాములు, హైడ్రోజన్ 12 గ్రాములు. ఇందులో కార్బన్, ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినవి. నీటి నుంచి వచ్చింది ఆ 12 గ్రాముల హైడ్రోజనే. అంటే చక్కెర బరువులో 15వ వంతు నీటిది, మిగతా 14 వంతులూ గాలివి. మొక్క వదిలే ఆక్సిజన్ మాత్రం నీటిది. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని ఆకుపచ్చని శైవలాలకు (నాచుకు) ఇచ్చి, ఆ గుర్తు బయటికి వచ్చిన వాయువులో ఉందని చూపారు. పరమాణువుకు జీవశాస్త్రంలో ఏం పని అన్న విద్యార్థికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

అప్పుడు రైతుబిడ్డ ఒకడు తప్పక అడుగుతాడు: గాలితోనే పెరిగేటట్టయితే యూరియా, డీఏపీ ఎందుకు టీచర్? అడగాలి కూడా. హెల్మాంట్ పట్టించుకోని ఆ 2 ఔన్సుల సంగతి అదే. మాంసకృత్తులకు నత్రజని, పత్రహరితానికి మెగ్నీషియం, కణంలో శక్తిని అందించే ఏటీపీకి భాస్వరం లేనిదే గాలీ నీరూ ఉన్నా పైరు లేవదు. ఆ ఏటీపీని 1929లో జర్మన్ శాస్త్రవేత్త లోమన్‌తో సంబంధం లేకుండా విడిగా కనుగొన్న ఇద్దరిలో ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేసిన మన భీమవరంవాసి యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మన పిల్లలకు జనరల్ నాలెడ్జ్ ప్రశ్నగానే తెలుసు.

ఇక కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డయాక్సైడ్ అవసరమని చూపే మోల్ అర్ధపత్ర ప్రయోగం సంగతి. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకునే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉన్న సీసాలోకి ఆకులో సగం చొప్పించి ఎండలో ఉంచి, తర్వాత పిండిపదార్థం ఉంటే నీలంగా మార్చే అయోడిన్‌తో పరీక్షిస్తే లోపలి సగం నీలంగా మారదు. చాలా బడుల్లో ఇది పటంగానే మిగిలిపోతోంది. చేసిన చోట కూడా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. బయటి సగం ఆరుబయట ఉంది, లోపలి సగం బిగించిన సీసాలో ఉంది. మరి తేడాకు కారణం కార్బన్ డయాక్సైడ్ లేకపోవడమేనా, సీసాలోని ఉక్క కూడానా? రెండో సీసాలో కార్బన్ డయాక్సైడ్‌ను అందించే తినేసోడా కలిపిన నీరు పోసి, అదే మొక్క మరో ఆకును అలాగే అమర్చి చూస్తే అనుమానం తీరుతుంది. ఖర్చు కొన్ని రూపాయలు. ఆ ఆకు కింది పొర చీల్చి సూక్ష్మదర్శిని కింద పెడితే, గాలి లోపలికి వెళ్లే పత్రరంధ్రాలూ వాటికి కాపలా కాసే రక్షక కణాలూ కనిపిస్తాయి. కణం పాఠం అప్పుడు ఎవరూ బలవంతపెట్టకుండానే మొదలవుతుంది.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ నా విన్నపం చిన్నది. తొలి పాఠాలకు వరుసగా రెండు పీరియడ్లు కలిపి ప్రయోగానికి కేటాయించండి. పబ్లిక్ పరీక్షలో ‘శాస్త్రీయ పద్ధతి సోపానాలు రాయుము’ అన్న ప్రశ్న తీసివేసి, హెల్మాంట్ తూకాల పట్టిక ఇచ్చి, ఆయన నిర్ధారణతో నీవు ఏకీభవిస్తావా, లేకపోతే ఇంకే ప్రయోగం చేస్తావని అడగండి. ప్రశ్నపత్రం మారితే గైడ్లు మారతాయి, గైడ్లు మారితే తరగతి గది మారక తప్పదని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
ఒంగోలు