అన్నమయ్య దారిని రోడ్డు చేయకండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె. తిరుమలకు నడక దారి అంటే ఇప్పుడు అందరికీ అలిపిరి, శ్రీవారి మెట్టు గుర్తొస్తాయి. మా జేజి మాత్రం కుక్కలదొడ్డి అనేది. అక్కడ అడవిలో అడుగుపెట్టి, శేషాచలం కొండల మీదుగా తిరుమల చేరే కాలిబాట అది. 1408లో తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య ఆ దారినే వెళ్లాడని మా వైపు నమ్మకం. ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో వచ్చే మోకాళ్ల పర్వతం అలిపిరి దారిలోది కదా అనేవాళ్లూ ఉన్నారు. అది పండితులు తేల్చుకోనీ. మా పెద్దవాళ్లు నడిచారన్నది మాత్రం నిజం.

జొన్నరొట్టెలు మూటగట్టుకుని, పాదాలకు ఆముదం రాసుకుని చీకటితోనే బయల్దేరేవాళ్లట. ముందున్నవాళ్లు "గోవిందా" అని కేకేసి ఆగేవాళ్లు. వెనక మలుపులోంచి చివరి మనిషి గొంతు వినిపించాకే మళ్లీ కదిలేవాళ్లు. అడవిలో ఎవరూ తప్పిపోకుండా అదే వాళ్ల లెక్క.

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. తిరుపతిలో బస్సెక్కితే కొండ మీద దిగొచ్చు. ఇక ఆ బాట ఎవరికి కావాలి? 1989లో ఆ అడవి జాతీయ పార్కు అయింది. చిరుతల భయం, ఎర్రచందనం దొంగల భయం తోడయ్యాయి. అప్పుడప్పుడు గుంపులుగా వెళ్లే భక్తులు తప్ప ఆ వైపు పోయేవాళ్లు లేరు.

2021 వానలకు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాక, ఈ దారిని మూడో మార్గంగా చేద్దామన్న మాట మళ్లీ వచ్చింది. నా టెన్షన్ అదే. జేసీబీ దిగితే రోడ్డు వస్తుంది, కానీ దారి పోతుంది. ఎర్రచందనం సహజంగా పెరిగే ఇలాంటి అడవులు మనకు ఎన్ని ఉన్నాయి?

దయచేసి ముందు ఆ బాటను అడుగడుగూ సర్వే చేయించండి. నీళ్లు దొరికే చోట్లు, పాత రాతి గుర్తులు ఏవున్నా నమోదు చేయించండి. అడవికి ఇబ్బంది లేని రోజుల్లో, కొద్దిమందినే, ఫారెస్టు సిబ్బంది తోడుగా పంపండి. ఆ కొండలు తెలిసిన యానాదులకు దారి చూపే పని, దానికి తగిన జీతం ఇవ్వండి.

సర్వేకు వచ్చేవాళ్లను మా ఊరికీ ఒకసారి పంపండి. ఆ దారిలో నడిచినవాళ్లు మా దగ్గర ఇద్దరే మిగిలారు. ఒకరికి చూపు ఆనదు గానీ, ఏ మలుపు తర్వాత ఏ వాగు వస్తుందో ఇప్పటికీ వరుసగా చెబుతారు.

ఇట్లు,
రాజంపేట ప్రాంత వాసి